మెరూన్ దారం పన్నెండు రీళ్ళు

గుడ్డ అయిపోయినా మిషను ఆగలేదట. సూది ఖాళీ పలక మీద టకటకా కొట్టుకుంటూనే ఉందట, కింద దారం చిక్కుపడి పిచ్చుకగూడులా ముద్దకట్టిందట, ఇస్త్రీ అక్క వచ్చి నా మోకాలి మీద రెండు చేతులూ వేసి నొక్కేదాకా నా కాలు తొక్కడం మానలేదట. "ఏమైందే నీకు, కాలికి పూనకం వచ్చిందా?" అంటోంది. ఆమె నోరు కదలడం కనిపిస్తోంది గాని మాట నా దాకా రావడానికి చాలాసేపు పట్టింది. గోడ మీది స్పీకరు అప్పటికే ఆగిపోయింది. ఆ స్పీకరు మా గదిలో ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. ఇరవై ఒక్క ఏళ్ళలో అది రెండుసార్లే మాట్లాడింది, ఒకసారి వరదనీళ్ళు లోపలికి వచ్చినప్పుడు, ఒకసారి పాత ఛైర్మన్ పోయినప్పుడు. మూడోసారి ఇవాళ, పది దాటి ఐదు నిమిషాలకి. ఎవరో ఆవిడ, చల్లటి గొంతు, కాగితం చూసి చదివింది. మన కంపెనీ, అవతలి కంపెనీ ఈ ఉదయం నుంచి ఒకటి. వాళ్ళను మనం కొనుక్కున్నాం. పేరు మనదే ఉంటుంది. రెండువైపుల ఉద్యోగులనూ చేరిన తేదీ ప్రకారం ఒకే వరుసలో పెడతారు. చేరి ఆరు నెలలు నిండని కొత్తవాళ్ళ నియామకాలు మాత్రం రేపటినుంచి ప్రస్తుతానికి ఆపి ఉంచుతారు. ధన్యవాదాలు. ధన్యవాదాలట. అవతలి కంపెనీ అంటే నీలం వాళ్ళు. మా యూనిఫాం గదిలో విమానాల కంపెనీలకు పేర్లు ఉండవు, రంగులే. మేం మెరూన్, వాళ్ళు నీలం. ఆ నీలం వాళ్ళలో, ఆరు నెలలు నిండని కొత్తవాళ్ళలో, నా కూతురు ఉంది. చేరి నలభై మూడు రోజులు. అంతకుముందు ఆరేళ్ళు ఇక్కడే, మా మెరూన్‌లోనే ఎయిర్ హోస్టెస్‌గా చేసింది. ఇక్కడ మానేసి అక్కడ చేరింది. మానేసింది అంటే అబద్ధం. నేను మాన్పించాను.

అది ఇప్పుడు గాల్లో ఉంది. తొమ్మిదీ యాభైకి లేచింది, పదకొండూ ఐదుకి దిగుతుంది, ఆ మధ్యలో దానికి ఫోనూ లేదు, కబురూ లేదు, ట్రేలు తోసుకుంటూ, ఎవరి పిల్లాడికో బెల్టు బిగిస్తూ, నవ్వుతూ ఉండి ఉంటుంది. గాల్లో ఉన్నంతసేపూ దానికి ఉద్యోగం ఉన్నట్టే లెక్క. నేల మీదికి దిగాకే కదా పోయేది. ఆరేళ్ళుగా అది ఎగిరినప్పుడల్లా త్వరగా దిగాలి దిగాలి అనుకుంటూ కూర్చునేదాన్ని, అది పడిపోతుందనీ, నిప్పంటుకుంటుందనీ, మబ్బుల్లో దారి తప్పుతుందనీ, ఇవాళే మొదటిసారి కాసేపు ఆలస్యంగా దిగితే బాగుండుననిపించింది, అనిపించగానే చెంపలు వేసుకున్నాను. ఏమనుకున్నాను నేను, ఏమనుకున్నాను. దిగగానే, ప్రయాణికులందరూ వెళ్ళిపోయాక, అది నాకు రెండు రింగులు ఇచ్చి ఫోను పెట్టేస్తుంది. నేను ఎత్తకూడదు. ఎత్తితే కబుర్లలో పడతాం, అవతల దానికి పని. రెండు రింగులంటే దిగానమ్మా అని. ఎన్నిసార్లు మోగి ఉంటుంది ఈ ఆరేళ్ళలో, రోజుకు నాలుగుసార్లు వేసుకున్నా నాకు లెక్క రాదు, నేను చదివింది ఎనిమిది వరకే. మొదటి రింగుకు ఊపిరి వదులుతాను, రెండో రింగుకు మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తాను. అంతే మా ఇద్దరి మధ్య మాట. పెద్ద మాటకారి అది, చిన్నప్పుడు నోరు మూసింది లేదు, వాళ్ళ నాన్న రేడియో అని పేరు పెట్టాడు, ఇప్పటికీ ఇంట్లో రేడియోనే. రేడియో వచ్చిందా, రేడియో తిన్నదా. ఈ మధ్య ఇంటికి వచ్చినా త్వరగా పడుకుంటోంది. కొత్తచోటు కదా అనుకున్నాను. అలసట అనుకున్నాను.

గదిలో అందరూ నవ్వుతున్నారు. ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టెను నిలబెట్టి మరీ చప్పట్లు కొట్టింది. బయటనుంచి స్టోరు బాబాయి రెండు చేతులూ గాల్లో ఊపుతూ వచ్చాడు, ఆయనది అరవైకి దగ్గరపడ్డ వయసు, గుండీల పెట్టెలూ గుడ్డ తానులూ ఆయన తాళంచెవి కిందే ఉంటాయి. "పండగే మనకి! వాళ్ళూ వీళ్ళూ కలిపి ఎన్ని వేల ఒళ్ళో తెలుసా, అన్నిటికీ కొత్త కోట్లు! వేళ్ళకు కాయలు కాస్తాయి చూసుకోండి ఇక!" అన్నాడు. "కాయలు కాస్తే కాయనీ బాబాయ్, ఇంటికి పంపకుండా ఉంటే చాలు," అంది ఇస్త్రీ అక్క. నిజమే. ఇక్కడ కూర్చున్న మా ఐదుగురికీ ఇంతకంటే గట్టి ఉద్యోగం లోకంలో ఉండదు ఇప్పుడు. నడుములు బిగించాలి, చేతులు తగ్గించాలి, కాజాలు తియ్యాలి, రెండేళ్ళు సరిపడా పని. నాది గట్టిపడింది. నాది. కిటికీ దగ్గర తలలేని కుట్టుబొమ్మ మెరూన్ కోటు తొడుక్కుని నిలబడి ఉంది, నా మిషను పక్కన ఆవిరి బుసబుసమంటోంది, సుద్దముక్క నా చేతిలోనే పొడైపోయింది, ఎప్పుడు నలిపానో, ఒళ్ళంతా తెల్లగా. చేరిన తేదీ ప్రకారం. నా కూతురితోపాటు ఆరేళ్ళ కిందట చేరిన పిల్లలు, చెంప మీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల, కళ్ళద్దాల పిల్ల, వాళ్ళంతా ఇప్పుడు వరుసలో పైన ఉంటారు. ఇది ఇక్కడే ఉండి ఉంటే ఇదీ ఉండేది. ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఊరికే ఉండనిచ్చానా నేను.

పన్నెండు రీళ్ళు. మూడు నెలల కిందట స్టోరులోంచి దారం తెచ్చుకుందామని వెళితే మెరూన్ రంగు పెద్ద రీళ్ళు పన్నెండే ఉన్నాయి అలమరలో. ఏటా ఆ వారంలో నలభై ఎనిమిది వస్తాయి. నెలకు నాలుగు, ఏడాదికి నలభై ఎనిమిది, ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ లెక్క మారలేదు. పక్షి బిళ్ళలు చూశాను, కోటు జేబు మీద కుట్టేవి, అవీ అంతే, అడుగున ఒక పొర. గుండీలు అంతే. పన్నెండును నాలుగుతో భాగించడం నాకు వచ్చు. మూడు నెలలు. మూడు నెలల తర్వాత ఈ కంపెనీకి దారంతో పని లేదు. అక్కడే ఆ అలమర ముందు నాకు సబ్బులు గుర్తొచ్చాయి. మా ఆయన గుడ్డల మిల్లులో మెకానిక్కుగా చేసే రోజుల్లో నెలనెలా చేతులు కడుక్కునే సబ్బులు ఇచ్చేవారు, పచ్చవి, ఇటుకలంత. ఒక నెల సబ్బులు రాలేదు. తర్వాతి నెల గ్రీజు డబ్బా సగమే వచ్చిందన్నాడు. నేను అడిగాను, ఏమండీ, ఏమన్నా అవుతుందంటారా అని. సబ్బు రాకపోతే మిల్లు మూస్తారా పిచ్చిదానా అని నవ్వాడు. ఆ తర్వాతి నెలలో ఒక పొద్దున ఎప్పటిలాగే వెళ్ళి అరగంటలో తిరిగొచ్చాడు, చేతిలో టిఫిన్ బాక్సు మూత కూడా తియ్యనిది. గేటుకు తాళం, తాళం మీద కాగితం. రేడియోకి అప్పుడు తొమ్మిదేళ్ళు, స్కూలుకు పోతూ గుమ్మంలో ఎదురొచ్చి, నాన్నా ఏదో మర్చిపోయావా అంది. ఆయన ఆ టిఫిన్ బాక్సును బల్ల మీద పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెద్దగా ఏమీ పెట్టలేదు. మెల్లిగానే పెట్టాడు. అప్పటినుంచి ఎక్కడ ఏది తగ్గినా నాకు గేటు మీది కాగితమే కనిపిస్తుంది. నీళ్ళ కూజాలో గ్లాసు తగ్గినా, టీలో పాలు తగ్గినా.

ఊరికే దారం చూసే భయపడ్డానా అంటే కాదు. ఆ నెలల్లో అందరి నోటా అదే. ఉద్యోగుల బస్సు నడిపే ఆయన మన కంపెనీని బ్యాంకు వాళ్ళు పట్టుకుపోతున్నారన్నాడు. బస్సులో నా పక్కన కూర్చునే సామాన్ల విభాగం ఆవిడ, కాదు, విదేశాల వాళ్ళెవరో కొంటున్నారు, వాళ్ళు మనుషులతో పని లేకుండా అన్నీ మిషన్లతో చేయిస్తారట అంది. టీ పోసే ఆయన మాత్రం ఎవరొచ్చినా టీ తాగాల్సిందే కదా అని నవ్వేవాడు. కలిపేస్తారని ఒకరు, అమ్మేస్తారని ఒకరు, మూసేస్తారని ఒకరు. నేను మూడోవాళ్ళ మాటే పట్టుకున్నాను. మంచి మాట చెప్పేవాళ్ళను నేను ఎప్పుడూ నమ్మలేదు, వాళ్ళకు మిల్లు సంగతి తెలియదనుకుంటాను. పైగా పైలట్లు. కొలతలకు వచ్చి అద్దం ముందు నిలబడి తమలో తాము మాట్లాడుకుంటారు. పిన్నులు నోట్లో పెట్టుకుని కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషికి చెవులుంటాయని వాళ్ళకు తోచదు. పొడుగు కెప్టెన్ ఒకాయన చేతులు పొట్టిగా ఉన్నాయని నేనే చూసి, విప్పి ఒక వేలంత పొడుగు వదలనా సార్ అని అడిగితే, "వద్దులేమ్మా, ఇంకెన్నాళ్ళు వేసుకుంటాం దీన్ని," అని పక్కనున్నాయన వైపు చూసి కన్ను గీటాడు. ఇద్దరూ నవ్వారు. మునిగిపోయేవాళ్ళు అలా నవ్వుతారా అని ఆలోచించలేదు నేను. ఇంకెన్నాళ్ళు అన్న మాట ఒక్కటే ఏరుకుని ఇంటికి తీసుకుపోయాను. ఆ రాత్రి మా ఆయనతో అంటే, "మిల్లప్పుడు నేను వినలేదు నిజమే, అలాగని ఇప్పుడు దారం చూసి జోస్యం చెప్తావా? చిలక ఒకటి కొనుక్కో, పక్కన కూర్చోబెట్టుకో," అన్నాడు. అదీ ఒకందుకు మంచిదైంది. దారం అంటే నవ్వుతారని తెలిసింది. అందుకే రేడియోకి దారం సంగతి చెప్పలేదు.

చెప్పలేదు. వేరే చెప్పాను. ఆ పొద్దున వంటింట్లో స్టూలు మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది, నోట్లో పిన్నులు, నాలాగే. నీలం వాళ్ళు మనుషులను తీసుకుంటున్నారట, వెంటనే వెళ్ళి చేరు, మన కంపెనీ మూడు నెలల్లో మూసేస్తారు అన్నాను. అది నవ్వింది. "అమ్మా, నువ్వు చెప్పిన ప్రకారమైతే ఈపాటికి నేను ఆరుసార్లు కూలిపోవాలి, నాన్న రెండుసార్లు పోవాలి, ఇల్లు మూడుసార్లు కాలాలి." ఇది అలాంటిది కాదే అన్నాను. "ఎవరు చెప్పారు నీకు?" అని అడిగింది. పిన్ను నోట్లోంచి తీసి అడిగింది, కళ్ళు నా మీద పెట్టి. అక్కడ నేను ఆగి, దారమే, అని ఉంటే. అలమరలో పన్నెండే ఉన్నాయే, అని ఉంటే. పొట్ట పట్టుకుని నవ్వి, ముడి వేసుకుని, బ్యాగు లాక్కుంటూ పోయేది. మెరూన్‌లోనే పోయేది. నేను ఏమన్నాను. పై అంతస్తు ఆఫీసరుగారు చెప్పారన్నాను. కొలతలకు వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, మీ అమ్మాయి మంచిది, దాని దారి అది చూసుకోమనండి, ఎవరికీ చెప్పొద్దు అన్నారన్నాను. అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకు తెలియదు, నూనె వేసిన మిషనులా పోయింది. ఆఫీసరుగారికి మీసం కూడా పెట్టాను, నెరిసిన మీసం, నమ్మకం కోసం. అది పిన్ను చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మొహంలో నవ్వు ఎటు పోయిందో. "ఆయన నిజంగా అన్నారా?" అంది. నిజంగా అన్నాను. నీ మీద ఒట్టు అనలేదు, అది ఒక్కటీ అనలేదు, అయినా అన్నట్టే. పదిహేను రోజులు పొద్దూ మాపూ దాన్ని పోరాను. అన్నం ముందు, తలుపు దగ్గర, ఫోనులో. చివరికి ఒక రోజు సరేనమ్మా అంది, నన్ను ఆపడానికి అన్నట్టు.

రాజీనామా ఇచ్చినవాళ్ళు యూనిఫాం తెచ్చి మా గదిలో అప్పగించాలి. మేం పుస్తకంలో రాసుకుని చీటీ మీద ముద్ర వేస్తేనే పైన కాగితం కదులుతుంది. రెండేళ్ళు దాటిన కోటైతే మళ్ళీ ఎవరికీ ఇవ్వరు. పక్షి బిళ్ళ కుట్లు విప్పి తీసేసి, కోటును ముక్కలు చెయ్యాలి, ఎవరైనా వేసుకుని లోపలికి వచ్చేస్తారని భయం. ఆ ముక్కలు విమానాల కింద చక్రాలు తుడిచేవాళ్ళకు పోతాయి. ఆ వారం ఆ పని వంతు నాది. ఇస్త్రీ అక్క, "నువ్వెందుకే, ఇలా ఇవ్వు, నేను కత్తిరిస్తాలే," అంది. నేనే చేస్తానన్నాను. పీడ పోయిందనుకుంటూ చేశాను. కుట్లు విప్పే కత్తితో బిళ్ళ అంచు ఎత్తితే కింద గుడ్డ కొత్తదానిలా ఉంది, ఎండ తగలనిది, మెరూన్ అంటే అసలు అంత ముదురు రంగా అనిపించింది. మెడ దగ్గర దాని జుట్టు నూనె వాసన. నడుము దగ్గర నేను మూడుసార్లు వేసిన కుట్లు, మొదటి ఏడాది తగ్గించాను, నాలుగో ఏడాది వదిలాను, మళ్ళీ తగ్గించాను. ఒకే కత్తెర, నాలుగు కోతలు, అంతే, కోటు గుడ్డపీలికలైపోయింది. పుస్తకంలో దాని పేరుకు ఎదురుగా నా సంతకం పెట్టాను, నా సంతకం అక్షరాలు కూడబలుక్కున్నట్టు ఉంటుంది, ముద్ర వేశాను, చీటీ చేతికిచ్చాను. మా అమ్మాయి గండం గడిచిందని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు ఏ చక్రం తుడుస్తున్నాయో ఆ ముక్కలు. పట్టుకుని అతికిస్తే, అన్నీ వెతికి తెచ్చి అతికిస్తే, ఏం మాట్లాడుతున్నాను నేను.

పది నలభై. కాళ్ళు వరండాలోకి తీసుకుపోయాయి. అక్కడ గోడకు పెద్ద తెర ఉంది, వచ్చేవి పోయేవి అన్నీ చూపిస్తుంది. అది ఉన్న నీలం విమానం గీత ఐదోది. సమయానికే, అని ఉంది. కిటికీలోంచి ప్రహరీ గోడ మీదుగా విమానాల తోకలు మాత్రం కనిపిస్తాయి, మెరూన్ మూడు, నీలం ఒకటి, ఒకదాని పక్కన ఒకటి ఏ ఎరుకా లేకుండా నిలబడ్డాయి. స్టోరు బాబాయి నా వెనకే వచ్చాడు, చేతిలో టీ గ్లాసు. "ఏం అమ్మాయ్, మొహం అలా పెట్టావు? సంతోషం పట్టలేకపోతున్నావా?" అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టుంది, ఆయన నవ్వు సగంలో ఆగింది. "మీ రేడియో అటే కదా వెళ్ళింది," అన్నాడు. నేను తల ఊపాను. టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేశాడు. ఇద్దరం ఐదో గీత చూస్తూ నిలబడ్డాం. నీతో చెప్పకూడదనే ఉద్దేశం కాదమ్మాయ్, నాకు మూడు నెలల కిందటే పైనుంచి చెప్పారు, మెరూన్ సరుకు మూడు నెలలకు మించి తెప్పించొద్దు, కొత్త రంగు రాబోతోంది, నోరు విప్పావంటే ఊరుకోం అన్నారు, అందుకే పన్నెండు రీళ్ళే తెప్పించాను, అన్నాడు. కొత్త రంగు. కొత్త రంగు. తగ్గించింది మూసెయ్యడానికి కాదు, మార్చడానికి. కెప్టెన్ కన్ను గీటింది కోటు మారుతుందని. నేను చూసింది నిజమే, లెక్క నిజమే, మూడు నెలలూ నిజమే. పన్నెండో రీలు ఇప్పుడు నా మిషను మీదే ఉంది. అన్నీ సరిగ్గా చదివి చివరి మాట ఒక్కటీ నా భయంతో నింపాను. "నన్ను ఒక్క మాట అడగాల్సింది," అన్నాడు బాబాయి. చెప్పేవారా అన్నాను. "రంగు సంగతి చెప్పకపోయినా, పరవాలేదు పొమ్మనేవాణ్ణి," అన్నాడు. అడగలేదు. ఆ రోజు అలమర తలుపు వేస్తూ ఆయన్ను చూశాను, ఇంత దూరంలో ఉన్నాడు, తాళాలు లెక్క చూసుకుంటున్నాడు. అవును, మూసేస్తున్నారు అనేస్తాడేమో అని అడగలేదు.

పదకొండూ రెండుకే దిగింది, ముందే. ఐదో గీత రంగు మారింది. ఇక ఇరవై నిమిషాలు, మనుషులు దిగాలి, వెనకటి సీట్ల ముసలివాళ్ళు దిగాలి, మర్చిపోయిన సంచులు వెతకాలి, అప్పుడు రెండు రింగులు. ఎలా చెప్పాలి. ముందు నీళ్ళు తాగమనాలి. కూర్చోమనాలి. ఏమీ కాలేదు అని మొదలుపెట్టకూడదు, ఏమీ కాలేదంటే ఏదో అయిందని దానికి తెలుసు, నేనే నేర్పాను. ఎవరో ముందే చెప్పేసి ఉంటారా, మెట్ల దగ్గర, సామాన్లు దించేవాళ్ళు, అరిచి చెప్పి ఉంటారా. అప్పుడు ఒక్కత్తే ఆ సన్నటి దారిలో సీట్ల మధ్య నిలబడి. నాకు మొదటి నుంచీ నచ్చనిది అదే, విమానంలో ఏడవడానికి గది లేదు. నేను ఈ పిల్లల యూనిఫాంలకు లోపలివైపు ఒక దొంగజేబు కుడతాను, రూలుకు విరుద్ధం, ఫోను పెట్టుకోవడానికి. నీలం కోటుకు కూడా అది తొడుక్కున్న మొదటి రోజే ఇంట్లో కూర్చోబెట్టి కుట్టాను, నీలం దారం లేక మెరూన్ దారంతోనే, లోపలే కదా ఎవరికి కనిపిస్తుందని. "చూశావా, వదిలినా మీ కంపెనీ నన్ను వదల్లేదు," అంది అప్పుడు. ఎంత నవ్విందో.

మోగింది. మొదటి రింగు సగంలోనే ఎత్తాను. అవతల గాలి చప్పుడు, ఏదో యంత్రం ఊడుస్తున్న చప్పుడు. "అమ్మా? ఎందుకెత్తావ్? నాన్నకేమైంది?" అంది. చూడండి, నా బిడ్డే. నాన్న బాగానే ఉన్నాడే, నువ్వు కూర్చున్నావా అన్నాను. "విమానంలో కూర్చోడానికేం తక్కువ, నూట ఎనభై సీట్లు," అంది, అని, ఆగి, "మీ దగ్గర చెప్పేశారా?" అంది. ఏమిటి అన్నాను. "అదే. కలిపేస్తున్నారని. నీకెవరైనా చెప్పారా, నువ్వు ఒక్కదానివే విన్నావా? కూర్చో ముందు." నేను చెప్పాల్సిన మాటలన్నీ అదే చెబుతోంది. నీకెలా తెలుసే అన్నాను. పదిహేను రోజుల కిందట కొత్తవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకున్నారట, కంపెనీ చేతులు మారితే మీ ఉద్యోగాలకు మా పూచీ లేదని. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో నాకు ఎన్ని రింగులిచ్చింది, ఎన్ని పూటలు ఎదురుగా కూర్చుని అన్నం తింది. నాతో చెప్పలేదేమే అన్నాను. "చెబితే నువ్వు నిద్రపోవు కదమ్మా. ఇన్నాళ్ళకు నిద్రపోతున్నావని నాన్న అన్నాడు. పోన్లే అనుకున్నాను." యంత్రం ఊడ్చడం ఆగింది. "ఇంకోటి. ఆ ఆఫీసరుగారు కనిపిస్తే ఏమీ అనకు. ఆయన మన మంచికే చెప్పాడు పాపం, ఆయనకు మాత్రం ఏం తెలుసు."

కిటికీ గట్టు మీద బాబాయి టీ చల్లారి మీగడ కట్టింది. దాన్నే చూస్తున్నాను. ఆఫీసరు లేడే అన్నాను. "ఆఁ?" అంది. ఆఫీసరెవరూ చెప్పలేదే తల్లీ, మీసం లేదు, ఎవరూ లేరు, దారం తక్కువ వచ్చింది, స్టోరులో, పన్నెండు రీళ్ళే వచ్చాయి, అది చూసి నేనే అనుకున్నాను, నేనే చెప్పాను. లైను పోయిందేమో అని ఫోను చూశాను, పోలేదు, అంకెలు నడుస్తున్నాయి. "దారమా?" అంది. ఔనన్నాను. "దారమా అమ్మా?" నాన్న మాట అయినా వినాల్సింది, బాబాయిని అయినా అడగాల్సింది, నేను, నేను అంటున్నాను, అవతల ఎవరో దూరంగా అరిచారు, ప్రయాణికులను పంపిస్తున్నాం అని. "ఎక్కుతున్నారు," అంది. పెట్టెయ్యలేదు. గుడ్డ రాసుకున్న గరగర, ఒక్కసారిగా చప్పుళ్ళన్నీ దూరమై మూటకట్టినట్టయ్యాయి. ఆ దొంగజేబులో పడేసింది. మరిచిందో, వదిలిందో. నేను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"స్వాగతమండీ. రండి." దాని గొంతు. మెట్ల మీద ఎవరి బూట్లో. "నమస్కారం, స్వాగతం. పైన పెట్టేద్దామా సంచి?" ఎవరో ఏదో అడిగారు. "తప్పకుండా అండీ. కిటికీ పక్కదే మీది." చిన్నపిల్ల ఏడుపు, "ఓహో, ఎవరండీ ఈ పెద్దమనిషి, మొదటిసారా ఎక్కడం?" నవ్వు. "స్వాగతమండీ. రండి, రండి." వణుకు కోసం వింటున్నాను. ఏ ఒక్క రండి దగ్గరైనా ఎక్కడైనా చిన్న జారు, చిన్న చీలిక, తల్లిని కదా, దారం పోగు తెగినా వేలితో తెలుసుకునేదాన్ని. ఎక్కడా లేదు. నున్నగా, నవ్వుతూ, ఇస్త్రీ చేసినట్టు ఉంది ప్రతి మాటా. బాబాయి పక్కన నిలబడి, ఏమంటోంది ఏమంటోంది అని చేత్తో అడుగుతున్నాడు. ఏం చెప్పను ఆయనకి. ఈ గొంతు నాకు తెలుసు. బాగానే ఉన్నానమ్మా, తిన్నానమ్మా, అలసటగా ఉంది పడుకుంటానమ్మా అని, పదిహేను రోజులుగా రోజూ నాతో మాట్లాడిన గొంతు ఇదే.